మొక్కు మొక్క, మొండి మొక్క

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల కొత్తగా కట్టిన గుడి ఆవరణలోనైనా, ఇంటి ప్రహరీ లోపలైనా, మొక్క నాటేముందు రెండు లెక్కలు ఎదురవుతాయి. ఒకటి పంచాంగం లెక్క: ఏ నక్షత్రానికి ఏ చెట్టు, ఏ దిక్కున ఏ చెట్టు, ఏ గ్రహానికి ఏ సమిధ. రెండోది నేల లెక్క: గడ్డపార ఎంత లోతు దిగుతుంది, వాననీరు ఎన్ని రోజులు నిలుస్తుంది, ఏప్రిల్‌లో బోరు పోస్తుందా, ఎండుతుందా. రెండూ కలిసిన చోట ఇబ్బంది లేదు. కలవని చోట ఒక ధర్మసందేహం పుడుతుంది. శాస్త్రం చెప్పిన చెట్టు ఈ నేలలో బతకదని తెలిసీ నాటడం ధర్మమా, బతికే చెట్టు పెట్టి శాస్త్రాన్ని పక్కకు నెట్టడం ధర్మమా? పైకి తోటపని ప్రశ్నలా కనిపించినా ఇది పూర్వమీమాంసకులు యజ్ఞద్రవ్యాల విషయంలో వేసుకున్న ప్రశ్నే. వాళ్లు చెప్పిన జవాబు ఎర్రచెలకల్లో ఇప్పటికీ పనికొస్తుంది.

ముందు నేల సంగతి. హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ పోయే దారిలో, సుమారు 30 కిలోమీటర్ల దూరాన ఉన్న ఈ ప్రాంతం చాలావరకు గ్రానైటు గుండ్ల మీద పరుచుకున్న పలుచని ఎర్రమట్టి. గుట్టల అంచున మొరం, కొంచెం కిందికి దుబ్బ, ఆ కింద చెలక, పల్లాల్లో అక్కడక్కడ నల్లరేగడి, చెరువు కింద తడి భూములు, నీరు బయటికి పోయే దారిలేని చోట తెల్లగా పొటమరించే చౌడు. ఒకే ఊరి శివారులో ఇన్ని రకాల నేలలుంటాయి. ఏడాదికి సుమారు 700 నుంచి 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యే. ఎర్రమట్టి నీటిని త్వరగా తాగి త్వరగా వదిలేస్తుంది. కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ తన ప్రయోగ క్షేత్రాలను హయత్‌నగర్‌లోనూ ఈ పక్కనే ఉన్న గునుగల్‌లోనూ పెట్టుకున్నది ఈ మట్టిలోనే.

చలిదేశాల తోటల పుస్తకాల్లో ఏళ్ల తరబడి బతికే గట్టి మొక్క అంటే మంచుకు చావనిది. ఇక్కడ మంచు లేదు, మొక్కకు పరీక్ష వేరు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు తట్టుకుని, మృగశిర చినుకు పడేదాకా వేరును కాపాడుకోగలిగితే అది మొండి మొక్క. కొన్ని ఆకు రాల్చి బతుకుతాయి, మోదుగలాగా. కొన్ని ఆకును చిన్నది చేసుకుంటాయి, జమ్మిలాగా. కొన్ని వేరును లోతుకు పంపుతాయి, వేపలాగా. కలబంద, నాగజెముడు వంటివి నీటిని ఒంట్లోనే దాచుకుంటాయి. మొండితనం అంటే మార్పులేనితనం కాదు. ఏం వదులుకుని బతకాలో తెలిసిన మొక్కే ఇక్కడ నిలుస్తుంది.

గుట్టల అంచున మొరం మీద సీతాఫలం, రేగు, తంగేడు, మోదుగ, పారిజాతం తమంతట తామే నిలబడతాయి. చెలకలో వేప, కానుగ, ఉసిరి, మారేడు, చింత, గన్నేరు రెండు మూడేళ్లు చేయిపట్టి నడిపిస్తే ఆ తర్వాత నీళ్ల మాట ఎత్తవు. రేగడిలో జమ్మి, నల్లతుమ్మ, చింత సరిపోతాయి, ఎండాకాలం నోళ్లు తెరిచే ఆ మట్టి లేతవేళ్లను తెంపుతుంది కాబట్టి అక్కడ పైపైవేళ్ల మొక్క పనికిరాదు. చెరువు కట్ట దిగువన, నీరు ఊరే చోట తెల్లమద్ది, నేరేడు, మేడి, ఈత. చౌడు తగిలిన చోట కానుగ, గన్నేరు కొంతవరకు ఓర్చుకుంటాయి. గుడి ఉత్తరపు గోడ నీడలో తులసి పొడుగ్గా సాగిపోయి బలహీనపడుతుంది, నందివర్ధనం మాత్రం ఆ సగం నీడతోనే సరిపెట్టుకుని పూస్తుంది.

ఇప్పుడు పంచాంగం లెక్క. ఇరవై ఏడు నక్షత్రాలకు ఇరవై ఏడు చెట్లు చెప్పే జాబితాలు చాలా ఉన్నాయి, అవి ఒకదానితో ఒకటి పూర్తిగా కలవవు. ఎక్కువగా చెప్పుకునే జతలు కొన్ని ఉన్నాయి: కృత్తికకు మేడి, రోహిణికి నేరేడు, పుష్యమికి రావి, మఘకు మర్రి, ఆశ్లేషకు నాగకేసరం, స్వాతికి మద్ది, అనూరాధకు పొగడ, ఉత్తరాషాఢకు పనస, శ్రవణానికి జిల్లేడు, ధనిష్ఠకు జమ్మి, శతభిషానికి కడిమి, ఉత్తరాభాద్రకు వేప, రేవతికి ఇప్ప. ఈ వరుసను నేలతో పోల్చితే చిత్రమైన విషయం బయటపడుతుంది. ధనిష్ఠ, ఉత్తరాభాద్ర, శ్రవణ నక్షత్రాల వాళ్లకు ఎర్రచెలక వరం. రేవతికీ బాధ లేదు. స్వాతి, రోహిణి నక్షత్రాల వాళ్లు చెరువు దగ్గరికి పోవాలి. శతభిషం వాళ్ల కడిమికి తేమ కావాలి, ఉత్తరాషాఢ వాళ్ల పనసకు లోతైన మట్టీ నీళ్లూ రెండూ కావాలి. ఆశ్లేషవాళ్ల నాగకేసరం పడమటి కనుమలు, ఈశాన్యపు వానఅడవుల చెట్టు, ఇక్కడి మే నెలను అది చూడలేదు. పుట్టిన నక్షత్రం మనిషి చేతిలో లేనట్టే చెట్టు పుట్టిన చోటు కూడా చెట్టు చేతిలో లేదు.

స్థలం లెక్క ఇంకా గట్టిది. వరాహమిహిరుడు బృహత్సంహితలో చెట్టుకూ చెట్టుకూ మధ్య ఇరవై మూరలు ఉత్తమం, పదహారు మధ్యమం, పన్నెండు అధమం అన్నాడు. ఇరవై మూరలంటే 30 అడుగులు. ఆ లెక్కన ఇరవై ఏడు చెట్లకు సుమారు 2,700 చదరపు గజాలు, అంటే అరెకరం పైచిలుకు కావాలి. అధమపక్షం 18 అడుగులకు దిగినా 970 గజాలు, ఎనిమిది గుంటలు. ఇవాళ వెంచర్లలో అమ్మే ప్లాటు ఎక్కువగా 200 గజాలు, 30 అడుగులు వెడల్పు, 60 అడుగులు పొడవు. మఘ నక్షత్రంలో పుట్టిన యజమాని అందులో మర్రి నాటితే ఇల్లు కట్టుకోవడానికి వేరే ప్లాటు చూసుకోవాలి. నాలుగైదు గుంటల గుడి ఆవరణలో ఇరవై ఏడు గోతులు తీసి నక్షత్రవనం అని బోర్డు పెట్టడం చూడడానికి బాగుంటుంది. పదేళ్లకు అందులో మిగిలేది వేప, కానుగ, రావి, వాటి నీడన నాలుగు పుల్లలు.

పంచవటి విషయం మరీ సున్నితమైనది. పురాణం ప్రకారం తూర్పున రావి, ఉత్తరాన మారేడు, పడమట మర్రి, దక్షిణాన ఉసిరి, ఆగ్నేయంలో అశోకం ఉండాలి. మొదటి నాలుగింటికి ఈ నేలతో పేచీ లేదు. అశోకమే చిక్కు. అసలు అశోకం తేమగల అడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగే చెట్టు. నారింజ రంగు పూలగుత్తులు కొమ్మకే పూస్తాయి. దాన్ని తెచ్చి మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా కొట్టే ఆగ్నేయపు మూల, రాతినేలలో పెడితే ఆకు అంచులు కాలిపోతాయి. అందుకే నర్సరీల్లో అశోకం పేరుతో అమ్ముడుపోయేది సాధారణంగా నరమామిడి, స్తంభంలా నిటారుగా పెరిగే పచ్చని చెట్టు. కొన్నవాళ్లకు తేడా తెలియదు, తెలిసినవాళ్లు అడగరు. పేరు శాస్త్రానిది, చెట్టు వేరేది. ఇది మోసమా, సర్దుబాటా?

దీనికి జవాబు పూర్వమీమాంసకుల మూలగ్రంథమైన జైమిని సూత్రాల ఆరో అధ్యాయం మూడో పాదంలో వెతకవచ్చు. అక్కడి చర్చ పేరు ప్రతినిధి విచారం. యజ్ఞానికి వడ్లు చెప్పారు, వడ్లు దొరకలేదు, అప్పుడు ఏం చేయాలి? పని మానేయనక్కరలేదు, వడ్లను పోలిన నీవారం, అంటే అడవి వరి, వాడవచ్చు. సోమలత దొరకకపోతే పూతిక. అయితే ప్రతినిధికి హద్దులున్నాయి. ద్రవ్యానికి ప్రతినిధి ఉంటుంది కానీ దేవతకు, మంత్రానికి, అగ్నికి, చేయవలసిన క్రియకు ఉండదు. విష్ణువుకు బదులు ఇంకొకరిని పెట్టి అదే పని అయిందనుకోవడానికి వీల్లేదు. నిత్యకర్మలో చేతనైనంత చేస్తే చాలు, ఒకటి రెండు అంగాలు తగ్గినా కర్మ నిలుస్తుంది. కోరికతో చేసే కామ్యకర్మకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఫలం కావాలంటే అన్ని అంగాలూ కుదరాలి, కుదరకపోతే మొదలుపెట్టకపోవడమే మేలు.

మొక్క నాటడం వీటిలో ఏది? ఇక్కడే ఈ పాత చర్చ తోటలోకి అడుగుపెడుతుంది. చెట్లు నాటడం, చెరువు తవ్వించడం, బావి తీయించడం, అన్నం పెట్టడం పూర్తధర్మాలు. వేదంలో చెప్పిన యాగాలు ఇష్టం, లోకానికి ఉపయోగపడే ఇవి పూర్తం, రెండూ కలిస్తే ఇష్టాపూర్తం. తెలుగు సంప్రదాయం దీన్ని ఇంకా దగ్గరగా పట్టుకుని సప్తసంతానాలని పేరు పెట్టింది. కొడుకుతో పాటు చెరువు, గుడి, అగ్రహారం, నిధి, కావ్యం, వనం కూడా సంతానమే. ఇబ్రహీంపట్నానికి ఈ మాట ప్రత్యేకంగా వర్తిస్తుంది. ఊరికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్ షా 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఆ సుల్తాను అద్దంకి గంగాధర కవి తపతీసంవరణోపాఖ్యానాన్ని అంకితం పుచ్చుకున్నాడు. ఊరి పెద్దచెరువు కూడా ఆయన కాలానిదేనని చెబుతారు. ఏడు సంతానాల్లో కనీసం రెండు అలా ఒక ముస్లిం రాజు ఖాతాలో పడ్డాయి. ఆయన మతంలోనూ ఈ లెక్క ఉంది. నాటిన చెట్టు పండును పిట్ట తిన్నా, పశువు తిన్నా, మనిషి తిన్నా నాటినవాడికి అది దానమవుతుందని హదీసు చెబుతుంది. చేతిలో మొక్క ఉండగా ప్రళయం వచ్చినా నాటగలిగితే నాటమనే మాట కూడా హదీసుల్లో ఉంది.

లోకానికి నీడ కోసం నాటితే అది పూర్తం, దాదాపు నిత్యంలాంటి బాధ్యత. అందులో ప్రతినిధికి చోటుంది. జాతకదోషం పోవాలని, పెళ్లి కుదరాలని, వీసా రావాలని నక్షత్రవృక్షం నాటితే అది కామ్యం. మొక్కులకు పేరున్న చిలుకూరు బాలాజీ గుడి ఇదే జిల్లాలో ఉంది. కోరిక కోరేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108 అక్కడి అలవాటు. తెలంగాణకు హరితహారం కార్యక్రమం 2015 జూలై 3న ఆ గుడి దగ్గరే మొదలైంది, అంటే ఊరందరి కోసం నాటే మొక్క వ్యక్తిగతమైన మొక్కుల గుమ్మం ముందు పుట్టింది. కామ్యంగా నాటేవాళ్లకు మీమాంసకుల షరతు కఠినమే: పనస చెప్పి ఉంటే పనసే నాటాలి, దానికి కావలసిన మట్టి, నీరు, నీడ కూడా సమకూర్చాలి. ఆ స్తోమత లేకుండా గుంటలో పెట్టి కొబ్బరికాయ కొట్టి వెళ్లిపోతే శాస్త్రం ప్రకారమే ఫలం లేదు. నేలను బట్టి చెట్టు ఎంచుకోవడం శాస్త్రాన్ని తప్పడం అని వాదించేవాళ్లు ఈ సంగతి సాధారణంగా ఎత్తరు.

ప్రతినిధి విచారంలో ఇంకో సూక్ష్మముంది. ప్రతినిధి కూడా దొరక్కుండా పోతే ఆ తర్వాత తెచ్చేది ప్రతినిధిని పోలినదై ఉండకూడదు, అసలు ద్రవ్యాన్ని పోలినదై ఉండాలి. లేకపోతే పోలికకు పోలిక, దానికి మరో పోలిక అంటూ పోయి చివరికి అసలుతో సంబంధం లేని వస్తువు వేదిక మీదికొస్తుంది. గత పదిహేనేళ్ల తోటల్లో జరిగింది అచ్చం ఇదే. అశోకానికి బదులు నరమామిడి వచ్చింది. నరమామిడి నెమ్మదిగా పెరుగుతుందని, అదే స్తంభపు ఆకారంలో ఇంకా వేగంగా పెరిగే కోనోకార్పస్ వచ్చింది. రోడ్ల మధ్య, వెంచర్ల గేట్ల పక్కన, గుడి ప్రహరీల వెంట వరుసలు కట్టింది. నీళ్లు తక్కువైనా, ఉప్పు నేలైనా, పొగైనా దానికి లెక్కలేదు, మొండితనంలో మొదటి తరగతి. తర్వాత వేళ్లు పైపుల్లోకి చొరబడుతున్నాయని, పుప్పొడి పడడం లేదని ఫిర్యాదులొచ్చి, దాన్ని నాటవద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. అశోకంలో ఏ గుణం కోసం ఆ మూల కేటాయించారో, అంటే నీడ, పువ్వు, కింద కూర్చోగల చల్లదనం, వాటిలో ఒక్కటీ కోనోకార్పస్‌లో లేదు. అసలుతో పోల్చుకుని వెతికితే కానుగ దొరికేది. చెలకలో బతుకుతుంది, ఎండాకాలం ముంగిట కొద్దిరోజులు తప్ప నిండుగా ఉంటుంది, లేత ఊదా పూలు నేలంతా రాలుస్తుంది.

శాస్త్రకారులు నేలను పట్టించుకోలేదన్న అపోహ కూడా బృహత్సంహిత తెరిస్తే పోతుంది. వృక్షాయుర్వేదాధ్యాయం మొదలయ్యేది దేవుడితోనో నక్షత్రంతోనో కాదు. తోటలు ఎక్కడ ఉండాలో చెప్పిన వెంటనే మెత్తని మట్టి అన్ని చెట్లకూ మంచిదని, అందులో ముందు నువ్వులు చల్లి, పూతకొచ్చాక అక్కడే తొక్కేయాలని చెబుతుంది. ఇప్పటి వ్యవసాయ శాఖ పచ్చిరొట్ట ఎరువు అనేది అదే. ఎండాకాలం రెండు పూటలా, చలికాలం రోజు విడిచి రోజు, వానాకాలం మట్టి ఆరినప్పుడు నీళ్లు పెట్టమంటుంది. ఆ తర్వాత తేమనేలలో పుట్టే పదహారు చెట్ల పేర్లు చెబుతుంది. వాటిలో జంబు, ఉదుంబర, అర్జున, కదంబ, నక్తమాల ఉన్నాయి. తెలుగులో చెప్పుకుంటే నేరేడు, మేడి, మద్ది, కడిమి, కానుగ. ఆరో శతాబ్దంలో ఉజ్జయిని మనిషి రాసిన జాబితాలో కొన్ని పేర్లు ఇక్కడి చెరువు కట్టల దిగువన ఇప్పటికీ కనిపిస్తాయి. అదే గ్రంథంలో భూగర్భ జలాల అధ్యాయం నేరేడుకు తూర్పున పుట్ట ఉంటే దగ్గర్లో తీయని నీరుందని చెబుతుంది. అక్కడ చెట్టు నేలను చదివే అక్షరం. నేలను చదివి చెట్టు పెట్టడం దానికి తిరుగుదారి మాత్రమే. సురపాలుడి వృక్షాయుర్వేదం కూడా నేలను జాంగలం, అనూపం, సాధారణం అని మూడుగా విడదీస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న దాని రాతప్రతి ఆధారంగా నళినీ సాధలే చేసిన ఇంగ్లీషు అనువాదాన్ని సికింద్రాబాద్‌లోని ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ 1996లో అచ్చువేసింది. ఈ నేలకు పనికొచ్చే పుస్తకం అంత దూరం పోయి ముప్పై కిలోమీటర్ల దగ్గరికి తిరిగి రావడం ఒక వింత.

వాస్తు భయాల విషయంలోనూ వరాహమిహిరుడు అనుకున్నంత కఠినుడు కాడు. ఇంటి దగ్గర ముళ్ల చెట్లుంటే శత్రుభయం, పాలచెట్లుంటే ధననాశం అని చెప్పాడు. ఇక్కడితో ఆపి చెప్పేవాళ్లే ఎక్కువ. ఆయన అక్కడ ఆపలేదు. కొట్టడం ఇష్టం లేకపోతే వాటి మధ్యలో శుభమైన చెట్లు నాటమని, పున్నాగ, అశోక, అరిష్ట, వకుళ, పనస, శమి, సాల వృక్షాల పేర్లు చెప్పాడు. అరిష్టానికి వేప అనీ కుంకుడు అనీ రెండర్థాలు చెబుతారు, రెండూ ఈ నేలలో పెరిగేవే. వకుళం అంటే పొగడ. శమి అంటే జమ్మి, దానికి ముళ్లున్నాయి. ముళ్ల చెట్టు దోషానికి విరుగుడు మరో ముళ్ల చెట్టు కావడం చూస్తే శాస్త్రం ముల్లును చూసి భయపడిందనిపించదు.

కొట్టొచ్చినట్టు కనిపించే మరో సంగతి నవగ్రహ సమిధల వరుస. సూర్యుడికి జిల్లేడు, చంద్రుడికి మోదుగ, కుజుడికి సండ్ర, బుధుడికి ఉత్తరేణి, గురువుకు రావి, శుక్రుడికి మేడి, శనికి జమ్మి, రాహుకేతువులకు గరిక, దర్భ. తొమ్మిదింటిలో మేడి ఒక్కటి నీటిపట్టును ఇష్టపడుతుంది. మిగతావన్నీ మెట్టనేలలో, దారి పక్కన, మేకలు తిరిగే బీడులో బతికేవి. వినాయకచవితి ఇరవై ఒక్క పత్రి చూసినా అంతే. మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, వాకుడు, గన్నేరు, విష్ణుక్రాంతం, వావిలి, జమ్మి, జిల్లేడు ఎవరూ నీళ్లు పోయకుండా ఊరి పొలిమేరలో దొరికేవి. పూజ పేరుతో పిల్లలు ఏడాదికొకసారి ఊరి చుట్టూ తిరిగి మొండి మొక్కలను ఆకు పట్టి గుర్తుపట్టడం నేర్చుకునేవాళ్లు. ఆ జాబితాలో ఒక్క దేవదారు మాత్రం హిమాలయాల నుంచి వచ్చి కూర్చుంది. దాన్ని తెచ్చినవాళ్లు తెస్తారు, మిగతావాళ్లు అక్షతలతో కానిచ్చేస్తారు. నలభై కుటుంబాల పల్లెలో ఏ మీమాంసా చదవకుండానే ప్రతినిధి సూత్రం అమలవుతోంది. ఇప్పుడు ఆ పొలిమేర చాలాచోట్ల ప్లాట్లయింది, పత్రి కట్టలుగా బజారుకొచ్చింది, ఏ ఆకు ఏదో కట్ట విప్పినవాళ్లకు తెలియదు. బతుకమ్మ తంగేడుకూ అదే కష్టం. అది తోటలో పెంచే పువ్వు కాదు, దున్నని నేల ఇచ్చే పువ్వు. దున్నని నేల తగ్గుతున్న కొద్దీ ఇంటి ముందు నాలుగు తంగేడు పొదలు నాటుకోవడం అలంకారం కంటే ఎక్కువ అవసరమవుతోంది. నీళ్లు అడగదు, మొరంలో పూస్తుంది, మేకలు పెద్దగా ముట్టవు, పైగా రాష్ట్ర పుష్పం.

శాస్త్రం ఇంతగా ఆలోచిస్తుంటే ఊరి దేవతలది వేరే పద్ధతి. పోచమ్మకు వేప నాటి గుడి కట్టరు, వేప ఉన్నచోట పోచమ్మ ఉంటుంది. కట్టమైసమ్మ చెరువు కట్ట మీద ఏ చెట్టు నిలిచిందో ఆ చెట్టు కిందే కూర్చుంటుంది. ఆగమం గుడి ముందు కట్టి చెట్టును తెస్తే, గ్రామదేవత బతికిన చెట్టును వెతుక్కుంటూ పోతుంది. అందుకే గ్రామదేవతల చెట్లలో నేలకు సరిపడనిది కనిపించడం అరుదు. ఎంపిక ముందే అయిపోయింది, ఎంచింది ఎండ.

దేశీయం, విదేశీయం అన్న గీత కూడా భక్తి గీసిన చోట లేదు. సీతాఫలం అమెరికా ఖండం నుంచి వచ్చి సీతమ్మ పేరు పెట్టుకుంది. దేవగన్నేరు మధ్య అమెరికాది, ఇప్పుడు గుడి లేని చోట దాన్ని ఊహించడం కష్టం. అదే అమెరికా నుంచి వచ్చిన సర్కారు తుమ్మకు మాత్రం ఏ దేవుడూ పేరివ్వలేదు. మొండితనంలో అది జమ్మికి అన్న, వృక్షశాస్త్రంలో దగ్గరి చుట్టం. జమ్మి చేలో ఉంటే కింద పైరు పండుతుంది. రాజస్థాన్‌లో 1730లో ఖేజర్లీ దగ్గర 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చింది ఆ చెట్టు కోసమే, తెలంగాణ తన రాష్ట్ర వృక్షంగా ఎంచుకున్నదీ దాన్నే. సర్కారు తుమ్మ కింద గడ్డి కూడా సరిగా మొలవదు, చెరువు శిఖమంతా ఆక్రమిస్తుంది. రెండూ చావని చెట్లే. ఒకటి తాను బతుకుతూ ఇతరులకు చోటు వదులుతుంది, రెండోది వదలదు. బతికి ఉండటమే ధర్మమైతే సర్కారు తుమ్మకు గుడి కట్టాలి. శ్రీగంధం దీనికి అటువైపు ఉదాహరణ: హైదరాబాద్ చుట్టూ పెట్టుబడిగా అమ్ముతున్న ఆ పవిత్రవృక్షం వేళ్లతో పక్క చెట్ల వేళ్లను పట్టుకుని ఆహారం తీసుకుంటే తప్ప సరిగా పెరగదు. కందో, మరో తోడో లేకుండా ఒంటరిగా వరుసల్లో పెట్టినవాళ్లు ఆకు పాలిపోయాక కారణం వెతుక్కుంటారు.

రావి విషయంలో మొండితనం పవిత్రతతోనే పోట్లాడుతుంది. పిట్ట రెట్టలో వచ్చిన గింజ గోపురం పగులులో పడుతుంది. మట్టి అక్కరలేదు, సున్నపు తడి చాలు. వేరు దిగి రాయిని విడదీస్తుంది. పూజించవలసిన చెట్టు పూజాస్థలాన్ని పడగొడుతుంది. తీయడానికి చేయి రాదు, తీయకపోతే గోపురం నిలవదు. లేతగా ఉన్నప్పుడే, వేరు బొటనవేలంత కాకముందే, దండం పెట్టుకుని తీసి వేరే చోట నాటడం చాలాచోట్ల పాటించే దారి. ఆలస్యం చేసినకొద్దీ అది దోషమా కాదా అన్న చర్చ పెరుగుతుంది, పగులు కూడా.

ఏళ్ల తరబడి ఉండే చెట్టు అన్న మాటలోనే ఒక తాత్త్విక చిక్కుంది. భగవద్గీత పదిహేనో అధ్యాయంలో సంసారాన్ని తలకిందులైన అశ్వత్థంతో పోల్చారు. నాశనం లేనిదని చెప్పిన ఆ చెట్టు పేరుకు శంకరాచార్యులు రేపటిదాకా కూడా నిలవనిది అని అర్థం చెప్పారు. రెండూ ఒకే చెట్టుకు ఎలా చెల్లుతాయో చూడాలంటే ఎండాకాలం ముంగిట ఏ రచ్చబండ దగ్గరైనా నిలబడవచ్చు. కొద్దిరోజుల్లో ఆకంతా రాలి బోడిదవుతుంది, ఇంకొద్ది రోజుల్లో రాగిరంగు చిగుళ్లతో నిండిపోతుంది. ఆకు రేపటికి లేదు, చెట్టు ఉంది. తులసిది ఇంకో రకం నిత్యత్వం. కోటలో మొక్క రెండు మూడేళ్లకు కట్టెబారి చస్తుంది, దాని కంకి గింజ అక్కడే మొలుస్తుంది. ఇంటివాళ్లు మాత్రం మా అమ్మమ్మ కాలం నాటి తులసి అంటారు. మీమాంసకుల ప్రకారం ఆ మాట తప్పు కాదు, ఎందుకంటే పదానికి అర్థం వ్యక్తి కాదు, ఆకృతి. మర్రి మూడో దారి పట్టింది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిలో ఊడలే కొత్త మానులయ్యాయి, 2018లో చెదలు పట్టిన కొమ్మలకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించి నిలబెట్టారు. పేరుకు ఒకే చెట్టు, నిలబడింది దాని పిల్లలు.

మొక్కకు లోపల తెలివి ఉందా అన్న ప్రశ్న దగ్గర ఈ చర్చ బరువెక్కుతుంది. మనుస్మృతి చెట్లకు లోపలి ఎరుక ఉందని, సుఖదుఃఖాలు తెలుస్తాయని అంది. శాంతిపర్వంలో భృగువు భరద్వాజుడికి చెట్టు వేడికి వాడుతుందని, పాదాలతో తాగుతుంది కాబట్టే పాదపమని వివరిస్తాడు. జైనులు చెట్టును స్పర్శ ఒక్కటే ఉన్న ఏకేంద్రియ జీవి అన్నారు. వీటిలో ఏ ఒక్కదాన్ని ఒప్పుకున్నా, బతకదని తెలిసిన చోట మొక్కను నాటడం పుణ్యం ఖాతాలో పడదు. అది నెమ్మదిగా జరిగే హింస. ఎన్ని నాటారన్న లెక్కకు ప్రచారం ఉన్నంత, మూడో ఎండాకాలం తర్వాత ఎన్ని మిగిలాయన్న లెక్కకు ఉండదు. పూర్తధర్మం మాత్రం రెండో లెక్కనే అడుగుతుంది. చెరువు తవ్వించడం అంటే నీరు నిలిచే చెరువు తవ్వించడమనే కదా.

ఈ ఊరి నేలకు వస్తే పద్ధతి పెద్ద కష్టమైంది కాదు. మొరంలో, చెలకలో గుంటను వైశాఖంలోనే రెండడుగుల లోతు, వెడల్పు తీసి ఎండకు వదిలేస్తారు. పైమట్టి, చివికిన పశువుల ఎరువు, అందుబాటులో ఉంటే చెరువు పూడిక మట్టి కలిపి నింపుతారు. నాటడం మృగశిర దాటి నేల లోపలిదాకా తడిసిన తర్వాత. మొదటి ఏడు వారానికి రెండుసార్లు, రెండో ఏడు వారానికొకసారి, మూడో వేసవిలో పది పదిహేను రోజులకొకసారి నీళ్లు. మొదలు దగ్గర ఎండుటాకులు కప్పితే ఆ నీళ్లు ఇంకొంచెం కాలం వస్తాయి. పనస, నాగకేసరం, అశోకం తప్పనిసరి అనుకున్నవాళ్లు ముందు కానుగను నాటి, అది నీడ పట్టిన నాలుగో ఏట దాని తూర్పు పక్కన ఆ మొక్కను పెడతారు. అప్పుడు పొద్దుటి ఎండ దొరుకుతుంది, పడమటెండ తగలదు. నక్షత్రం పేరు రాసిన పలక అప్పటిదాకా కానుగ మొదలుకే కట్టి ఉంటుంది.